బ్యాండ్ కాదు అన్నా, స్ట్రిప్ అడుగుదాం

పోస్ట్ పెద్దదే. తిట్టాలనుకున్నవాళ్ళు కూడా చివరిదాకా చదివి తిట్టండి.

పీఓ గారికి ఇవ్వబోయే వినతిపత్రం డ్రాఫ్ట్ మొన్న గ్రూప్‌లో చూశాను. మెస్ చార్జీలు, బాత్రూమ్ తలుపులు, నీళ్ళ ట్యాంకు, ఖాళీ పోస్టులు, అన్నీ కరెక్టుగా ఉన్నాయి. ఆరో పాయింట్ దగ్గర ఆగిపోయాను. ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉన్న ప్రతి విద్యార్థికీ వైరస్ జ్వరాన్ని ముందే పసిగట్టే బయోసెన్సర్ స్మార్ట్ బ్యాండ్ ఇవ్వాలట. రాసిన అన్న నాకు చాలా కావలసినవాడు. డిగ్రీకి ఆన్‌లైన్ అప్లికేషన్ ఎలా పెట్టాలో మా ఇంట్లో ఎవరికీ తెలీనప్పుడు నెట్ సెంటర్లో పక్కన కూర్చుని పెట్టించింది ఆయనే. అయినా చెప్తున్నా, ఆ పాయింట్ తీసేయాలి. తీసేసి ఖాళీగా వదలకూడదు, అక్కడ వేరేది రాయాలి. ఏం రాయాలో కింద చెప్తాను.

బయోసెన్సర్ అంటే ఏదో పెద్ద మాటలా ఉంది గాని మనకి తెలిసిన వస్తువే. షుగర్ చూసే మెషీన్ బయోసెన్సరే. 1962లో లీలాండ్ క్లార్క్ అనే అమెరికా శాస్త్రవేత్త చూపించిన ఎంజైమ్ ఎలక్ట్రోడ్ దానికి మూలం. గర్భం తెలుసుకునే స్ట్రిప్ దాని చుట్టమే. ఆశా అక్క సంచిలో ఉండే మలేరియా కిట్ కూడా చుట్టమే. ఊళ్ళో కుక్కని తలుచుకోండి. కొత్త మనిషి వాసన పట్టాలి, పట్టాక మొరగాలి. రెండూ చేస్తేనే అది కాపలా కుక్క. సెన్సర్ కూడా అంతే. ఒక భాగం రక్తంలో ఫలానా పదార్థాన్ని మాత్రమే పట్టుకుంటుంది. రెండో భాగం పట్టుకున్న సంగతి మనకి కనబడేలా గీతగానో అంకెగానో చెప్తుంది. స్ట్రిప్‌లో అయితే బంగారపు నలుసులకి అంటించిన యాంటీబాడీలు ఉంటాయి. రక్తంలో వైరస్ ప్రోటీన్ ఉంటే దాన్ని పట్టుకుని కాగితం మీద పాకుతూ వెళ్ళి గీత దగ్గర ఆగిపోతాయి. ఆ నలుసులన్నీ ఒకచోట చేరితే ఎర్రగా కనబడుతుంది. కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు. ఇరవై నిమిషాల పని.

మరి బ్యాండ్ ఏం పట్టుకుంటుంది? వైరస్‌ని పట్టుకోదు. వైరస్ ప్రోటీన్‌నీ పట్టుకోదు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, ఎంతసేపు పడుకున్నావు, ఎన్ని అడుగులు వేశావు, ఇవే చూస్తుంది. అన్న చెప్పిన అమెరికా పరిశోధన అబద్ధం కాదు, నేనూ చదివాను. స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 2020 నవంబరులో అచ్చువేశారు. 5 వేల మందికి పైగా చేరారు. వాళ్ళలో కోవిడ్ వచ్చి, వాచీ లెక్కలు కూడా సరిగ్గా దొరికినవాళ్ళు 32 మంది. ఆ 32 మందిలో 26 మందికి గుండె వేగంలోనో నిద్రలోనో నడకలోనో మార్పు కనిపించింది. కొందరికి లక్షణాలు మొదలవక ముందే కనిపించింది. గొప్ప విషయమే. కానీ ఆ 32 మంది ఎవరు? సొంత డబ్బుతో స్మార్ట్ వాచీ కొనుక్కుని రాత్రీ పగలూ పెట్టుకుని తిరిగేవాళ్ళు. వాచీ మోగితే ఫోన్ తీసి డాక్టర్‌తో మాట్లాడగలిగేవాళ్ళు.

పైగా గుండె వేగం ఒక్క వైరస్‌కే పెరగదు. పరీక్షల ముందు పెరుగుతుంది. నిద్ర లేకపోతే పెరుగుతుంది. సంత రోజు బరువు నెత్తిన పెట్టుకుని కొండ దిగి ఎక్కినా పెరుగుతుంది. వాచీ ప్రతి మనిషినీ అతని పాత రోజులతోనే పోల్చి చూస్తుంది కాబట్టి "మన శరీరాలు వేరు" అని నేను వాదించను. అది నిజం కాదు. కానీ పోల్చాలంటే రోజూ పెట్టుకోవాలి, రోజూ చార్జింగ్ పెట్టాలి. మా రూమ్‌లో పద్నాలుగు మందికి పనిచేసే ప్లగ్ పాయింట్ ఒక్కటి. ఫోన్లకే వరసలు, తగువులు. ఇంకా పద్నాలుగు బ్యాండ్లా!

చర్మం రంగు సంగతి మాత్రం చెప్పుకోవాలి. వేలికి పెట్టే ఆక్సిమీటర్ చర్మం గుండా వెలుగు పంపి రక్తంలో ఆక్సిజన్ లెక్క కడుతుంది. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో మిచిగాన్ డాక్టర్లు రాశారు. మెషీన్ 92 నుంచి 96 అని చూపించినప్పుడు నిజంగా 88 కన్నా తక్కువ ఉన్నవాళ్ళు తెల్లవాళ్ళలో 3.6 శాతం, నల్లవాళ్ళలో 11.7 శాతం. అంటే "బాగానే ఉన్నావు" అని మెషీన్ చెప్పిన మాట మూడు రెట్లు ఎక్కువసార్లు నల్ల చర్మం మీదే తప్పింది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా ఆ మెషీన్ ప్రపంచమంతా వాడుతూనే ఉన్నారు. ఎవరి ఒంటి మీద పరీక్షించి చేశారు అని అడగకుండా ఏ సెన్సరూ తీసుకోకూడదు అనడానికి నాకు ఇది చాలు.

ఇప్పుడు మన దగ్గరకి వద్దాం.

పోయిన వానాకాలం నా రూమ్మేట్‌కి జ్వరం వచ్చింది. మొదటి రోజు, రెండో రోజు పారాసిటమాల్. మూడో రోజు మలేరియా స్ట్రిప్ వేశారు. నెగటివ్. "వైరల్ ఫీవరే, తగ్గిపోతుంది" అన్నారు. నాలుగో రోజు నిజంగానే ఒళ్ళు చల్లబడింది. మేమందరం హమ్మయ్య అనుకున్నాం. వాడు కూడా లేచి స్నానం చేశాడు. ఐదో రోజు కడుపు నొప్పి, ఆగకుండా వాంతులు. ఆటో దొరికేసరికి రాత్రయింది. కింద పెద్దాసుపత్రికి చేరేసరికి ఆరో రోజు తెల్లవారింది. అక్కడ డెంగీ ఎన్ఎస్1 స్ట్రిప్ వేస్తే నెగటివ్. ఒకాయన డెంగీ కాదు అన్నాడు. డ్యూటీలో ఉన్న మేడం గారు ఒప్పుకోక, ప్లేట్‌లెట్లు చూసి, సెలైన్ పెట్టి, ఇంకో శాంపిల్ పైకి పంపారు. డెంగీ అని కాగితం వచ్చేసరికి వాడు డిశ్చార్జ్ అయి హాస్టల్‌కి వచ్చి పప్పన్నం తింటున్నాడు.

బతికాడు కాబట్టి ఇప్పుడు నవ్వుకుంటూ చెప్తున్నాం. కానీ ఏం జరిగిందో చదివితే నాకు ఒళ్ళు మండింది. ఎన్ఎస్1 అనేది డెంగీ వైరస్ విడుదల చేసే ప్రోటీన్. జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచే రక్తంలో ఉంటుంది. మొదటి నాలుగైదు రోజుల్లో బాగా దొరుకుతుంది, తర్వాత తగ్గిపోతుంది. ఒకసారి డెంగీ వచ్చిపోయినవాడికి రెండోసారి వస్తే ఇంకా తొందరగా మాయమవ్వొచ్చు. ఒంట్లో పాత యాంటీబాడీలు దాన్ని కమ్మేస్తాయి. ఐజీఎం అనే కొత్త యాంటీబాడీ నాలుగైదు రోజులయ్యాకే లేస్తుంది. కాబట్టి ఏ రోజు ఏ స్ట్రిప్ వేయాలో తెలియాలి. మావాడికి మొదటి మూడు రోజులూ ఎన్ఎస్1 చెప్పేది, ఎవరూ అడగలేదు. ఆరో రోజు అడిగారు, అది చెప్పలేకపోయింది. కుక్క మొరిగిన మూడు రాత్రులూ ఇంట్లో మనిషి లేడు!

ఇంకో సంగతి అందరూ గుర్తుపెట్టుకోండి. డెంగీలో ప్రమాదం జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు కన్నా తగ్గేటప్పుడు ఎక్కువ. మూడు నుంచి ఏడు రోజుల మధ్య, ఒళ్ళు చల్లబడే టైములో రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతుంది. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మనిషి మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే బయల్దేరాలి. నొప్పులకని బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేసుకోవద్దు. మేము నాలుగో రోజు పండగ చేసుకున్నాం చూశారా, అదే రోజు కాపలా కాయాల్సింది.

"వైరల్ ఫీవర్" అనే మాట మీద నాకున్న కోపం ఇదే. అది రోగం పేరులా వినిపిస్తుంది. నిజానికి "మలేరియా కాదు, ఇంకేంటో మేం చూడలేదు" అని దాని అర్థం. మా పెద్దమ్మ కూతురు నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు పోయింది. డోలీలో గెడ్డ దాటించారు గాని దాటాక ప్రాణం లేదు. దేంతో పోయిందంటే ఇప్పటికీ మా ఇంట్లో చెప్పేది "జ్వరం" అనే. ఆ జ్వరం పేరేంటో మాకు ఈరోజుకీ తెలీదు.

అసలు అది వైరస్ కాకపోవచ్చు కూడా. స్క్రబ్ టైఫస్ ఉంది కదా. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే బ్యాక్టీరియా జ్వరం. కుట్టిన చోట కొందరికి నల్లటి చెక్కు కడుతుంది, సాధారణంగా చంకలోనో గజ్జలోనో ఉంటుంది, చూపించడానికి సిగ్గుపడతాం. దీనికి డాక్సీసైక్లిన్ అనే చవక మందు పనిచేస్తుంది. దీన్ని కూడా "వైరల్" అని పంపేస్తే, మందు ఉన్న రోగంతో మనిషి పోతాడు. అందుకే వైరస్ ఉందని చెప్పే సెన్సర్ ఎంత అవసరమో, లేదని చెప్పే సెన్సర్ కూడా అంతే అవసరం. అలాంటిది ఉంది. వైరస్ లోపలికి రాగానే మన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక పంపుకుంటాయి, దాంతో ఎంఎక్స్ఏ అనే ప్రోటీన్ తయారవుతుంది. బ్యాక్టీరియా అయితే అది పెద్దగా పెరగదు, సీఆర్పీ అనే ఇంకోటి బాగా పెరుగుతుంది. ఈ రెండింటినీ ఒక్క రక్తం చుక్కలో చూసే ఫెబ్రిడెక్స్ అనే స్ట్రిప్ బయట దేశాల్లో దగ్గు జలుబు జ్వరాలకి వాడుతున్నారు. ఫలానా వైరస్ అని అది పేరు చెప్పలేదు. మన కొండ జ్వరాల మీద పరీక్షించాకే అడగాలి. అయినా బ్యాండ్ కన్నా మన దారికి అది దగ్గర.

"కొండ మీద ఇవన్నీ ఎక్కడ సాగుతాయి" అనేవాళ్ళకి మలేరియా కిట్టే జవాబు. ఆశా అక్క పెద్ద చదువు చదవలేదు. వేలు గుచ్చుతుంది, గీత చూస్తుంది, రంగు ప్యాకెట్‌లో మందు అక్కడే ఇస్తుంది. స్ట్రిప్, మనిషి, మందు మూడూ ఒకే గుమ్మం దగ్గర ఉన్నాయి కాబట్టి అది పనిచేసింది. దానికీ లోపాలున్నాయి. ఫాల్సిపారం మలేరియా తగ్గిన కొన్ని వారాల దాకా గీత పడుతూనే ఉండొచ్చు, అప్పుడు కొత్తగా వచ్చింది డెంగీ అయినా మలేరియా అనుకునే ప్రమాదం ఉంది. లోపం ఉందని కిట్ పారేశామా? లేదు, వాడటం నేర్చుకున్నాం. నేను అడిగేది ఆ సంచిలోనే ఇంకో స్ట్రిప్. మలేరియా నెగటివ్ వచ్చిన తర్వాత ఏంటి అనే ప్రశ్నకి జవాబు.

అధికారులు ఒక మాట తప్పకుండా అంటారు, ముందే రెడీగా ఉందాం. "ర్యాపిడ్ కిట్‌తో డెంగీ నిర్ధారణ చేయకూడదు, ఎలైజా చేయాలి" అంటారు. కేంద్రం గైడ్‌లైన్స్‌లో అలాగే ఉంది, అబద్ధం కాదు. ర్యాపిడ్ స్ట్రిప్ కొన్ని కేసులు వదిలేస్తుంది. కానీ ఎలైజా లెక్కల కోసం, నిర్ధారణ కోసం. మాకు కావాల్సింది ఈ పిల్లవాడిని ఈ రాత్రి కిందికి దించాలా వద్దా అనేది. స్ట్రిప్ పాజిటివ్ అయితే దించుదాం, నెగటివ్ అయినా లక్షణాలుంటే దించుదాం, శాంపిల్ మాత్రం ఎలైజాకి పంపండి. రెండూ కొట్టుకోవు. 2021 మేలో ఐసీఎంఆర్ కోవిడ్‌కి ఇంట్లోనే ముక్కులో పుల్ల పెట్టుకుని చూసుకునే కిట్ ఒప్పుకుంది, 250 రూపాయలు. అప్పుడు నగరంలో ఎవరికి వాళ్ళు గీత చూసుకోవచ్చు అన్నారు. ఏజెన్సీలో ట్రైనింగ్ ఉన్న ఏఎన్ఎం చూస్తే మాత్రం నమ్మరా?

మెషీన్ల సంగతీ అంతే. గోవా కంపెనీ చేసిన ట్రూనాట్ బ్యాటరీ మీద నడుస్తుంది, టీబీ కోసం తెచ్చారు. 2020లో కోవిడ్ రాగానే అదే మెషీన్‌తో మన ఆంధ్రాలో కోవిడ్ టెస్టులు చేశారు. అవసరం పట్టణానికి వస్తే మెషీన్ పని మారడానికి వారాలు చాలు! పేపర్లో వచ్చే ప్రతి "స్ట్రిప్" వార్తనీ నమ్మొద్దని కూడా చెప్తాను. 2020 సెప్టెంబరులో అనుమతి వచ్చిన ఫెలూదా గుర్తుందా, ఢిల్లీలో సీఎస్ఐఆర్ వాళ్ళు క్రిస్పర్‌తో చేసింది. మన దేశం గర్వపడాల్సిన పనే. కానీ చివర్లో కాగితం పట్టీ ఉందిగాని, దానికి ముందు ఆర్ఎన్ఏ తీయాలి, పీసీఆర్ మెషీన్‌లో పెంచాలి. పట్టీ మాత్రమే కాగితం, ముందంతా ల్యాబ్. కాబట్టి ఏ సెన్సర్ గురించి విన్నా నేను అడిగేవి ఇవి: రక్తం తీశాక గీత పడేదాకా మధ్యలో ఏమేం కావాలి? ఎండాకాలం రేకుల గదిలో ఉంటే కిట్ పాడవదా? చాలా కిట్ల మీద 30 డిగ్రీలు దాటొద్దని రాసి ఉంటుంది, ఎవరైనా చూశారా?

ఇక రెండో వర్గం. డ్రాఫ్ట్ కింద కొందరు తమ్ముళ్ళు "మన రక్తం మీద ప్రయోగాలు ఆపండి, ఏ టెస్టూ వద్దు" అని రాశారు. వాళ్ళని వెటకారం చేసిన కామెంట్లు నాకు నచ్చలేదు. ఆ భయం గాల్లోంచి రాలేదు. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి హెచ్‌పీవీ టీకా వేశారు, చాలామంది మన హాస్టల్ పిల్లలే. 2010 ఏప్రిల్లో ఆపేశారు. చనిపోయిన పిల్లల విషయంలో టీకాకి సంబంధం లేదని విచారణ కమిటీ చెప్పింది. అది అలాగే చెప్పాలి, పెంచి చెప్పకూడదు. కానీ సమ్మతి పత్రాలు చూస్తే, 9,543 పత్రాల్లో 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. ఇంకో 1,948 మీద వేలిముద్రలు. 2013లో పార్లమెంటు కమిటీ దీన్ని గట్టిగా తప్పుపట్టింది. అమ్మానాన్నలు కొండ మీద ఉన్నారు, వార్డెన్ కింద సంతకం పెట్టాడు.

ఇప్పుడు చెప్పండి, ప్రతి పిల్లవాడి చేతికి బ్యాండ్ కడితే ఆ పత్రం మీద ఎవరు సంతకం పెడతారు? మళ్ళీ ఆయనే. బ్యాండ్ నిద్ర చూస్తుంది, నడక చూస్తుంది. ఆడపిల్ల ఏ రాత్రి పడుకోలేదో, ఎవరు గేటు దాటారో ఎవరి ఫోన్లో కనబడుతుంది? ఆ లెక్కలన్నీ ఏ కంపెనీ దగ్గర ఉంటాయి? 2023లో వచ్చిన డేటా చట్టం 18 ఏళ్ళ లోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. ప్రతి బడ్జెట్‌లో మనకి ట్యాబ్, బ్యాండ్, యాప్ అంటే ముందుకొస్తారు, ఏఎన్ఎం పోస్టు అంటే ఫైలు కదలదు. జ్వరం వచ్చిన రోజున వేలు గుచ్చి, ఆ గీత అందరి ముందూ చూసి పారేసే స్ట్రిప్‌కీ, రోజంతా ఒంటికి అంటుకుని ఉండే బ్యాండ్‌కీ తేడా ఉంది. టెస్టే వద్దనే తమ్ముళ్ళు ఈ తేడా చూడండి. టెస్ట్ లేకుండా పోయిన మా అక్క కూడా మనిషే.

ఆరో పాయింట్ స్థానంలో నేను రాసింది ఇది, మార్పులుంటే చెప్పండి:

"జూన్ నుంచి డిసెంబరు దాకా ప్రతి ఆశ్రమ పాఠశాలలో, హాస్టల్లో, వాటికి దగ్గరున్న సబ్‌సెంటర్లో మలేరియా కిట్‌తో పాటు డెంగీ ఎన్ఎస్1, ఐజీఎం స్ట్రిప్‌లు ఉంచాలి. జ్వరం రిజిస్టర్‌లో తేదీతో పాటు అది ఎన్నో రోజు జ్వరమో రాయాలి. మలేరియా నెగటివ్ వస్తే అదే పూట డెంగీ స్ట్రిప్ వేయాలి, శాంపిల్ ఎలైజాకి పంపి ఫలితం ఫోన్లో తల్లిదండ్రులకి వాళ్ళ భాషలో చెప్పాలి. స్క్రబ్ టైఫస్ అనుమానం ఉంటే డాక్టర్ చూసి మందు మొదలుపెట్టాలి. జ్వరం తగ్గిన తర్వాత రెండు రోజులు విద్యార్థిని హాస్టల్లోనే కనిపెట్టి ఉండాలి, క్లాసుకి గాని ఇంటికి గాని పంపకూడదు. రాత్రి వేళ వాహనం ఎవరు ఇస్తారో వారి పేరు, ఫోన్ నంబర్ గోడ మీద రాయాలి. ఖాళీగా ఉన్న ఏఎన్ఎం పోస్టులు నింపాలి. ఏ పరీక్షకైనా సమ్మతి తల్లిదండ్రులదే, వార్డెన్ సంతకం చెల్లదు."

దోమతెరల పాయింట్ నాలుగులో ఉంది కదా, దానికి ఒక్క వాక్యం కలపండి. డెంగీ దోమ పగలు కుడుతుంది, రాత్రి తెర ఒక్కటీ చాలదు, ట్యాంకులకీ డ్రమ్ములకీ మూతలు కావాలి. మా హాస్టల్ వెనక మూత లేని డ్రమ్ములు మూడున్నాయి. ఫోటో తీశాను, వినతిపత్రానికి జత చేద్దాం.

సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్ళాలంటే ఆదివారం సాయంత్రానికి ప్రింట్ తీయాలి. అన్నా, నువ్వు ఒప్పుకోకపోతే ఇక్కడే రాయి, ఇన్‌బాక్స్‌లో వద్దు. నా రూమ్మేట్ కూడా వస్తానంటున్నాడు, వాడి రిపోర్టు కాగితం వాడే తెస్తాడట.